ఒంటి మీద మెడికల్ ఐడీ బిళ్ళ: ఎవరికి కావాలి, ఏం రాయించాలి, ఎలా చేయించాలి

108 అంబులెన్సులో వచ్చినవాళ్ళు స్పృహ లేని మనిషి పక్కన కూర్చోగానే ముందు ఊపిరి ఆడుతోందా అని చూస్తారు. వెంటనే మణికట్టు మీదో మెడ పక్కనో వేళ్ళు ఆనించి నాడి చూస్తారు. జబ్బు, మందు, ఇంట్లోవారి ఫోన్ నంబరు చెక్కిన మెడికల్ ఐడీ బిళ్ళ చేతికో మెడలోనో ఉండాలనేది అందుకే. వాళ్ళ చేతులు, కళ్ళు ఎలాగూ అక్కడికే వెళ్తాయి. బీరువాలో భద్రంగా దాచిన ఆసుపత్రి ఫైలు ఆ నిమిషంలో ఎవరికీ అందదు.

ఈ పద్ధతి అమెరికాలో పుట్టింది. 1953లో కాలిఫోర్నియాలోని టర్లాక్ అనే ఊళ్ళో మేరియన్ కాలిన్స్ అనే డాక్టరుగారి కూతురు లిండాకి వేలు తెగింది. ధనుర్వాతం రాకుండా వేసే యాంటీటాక్సిన్ పడుతుందో లేదో చూద్దామని ఇచ్చిన కొద్దిపాటి మందుకే ఆ పిల్ల ప్రాణం మీదికి వచ్చింది. బతికి బయటపడింది కానీ, మరోసారి తాము పక్కన లేనప్పుడు ఎవరైనా ఇదే మందు ఇస్తే ఎలా అన్న భయం తల్లిదండ్రులకు ఉండిపోయింది. ఆ భయంలోంచే చేతికి పెట్టుకునే బిళ్ళ వచ్చింది, 1956లో మెడిక్‌అలర్ట్ అనే సంస్థ వచ్చింది. మన దగ్గర ఇది ఇంకా అలవాటు కాలేదు. అవసరమున్నవాళ్ళు మాత్రం ఊరూరా ఉన్నారు. మీ ఇంట్లో అలాంటివారు ఉంటే చదివి వదిలేయకుండా ఈ వారంలోనే చేయించండి. కొన్ని వందల రూపాయల్లో అయిపోయే పని.

ముందు, మీకు అవసరమో కాదో తేల్చుకోండి

ఉన్న ప్రతి జబ్బుకీ బిళ్ళ అక్కర్లేదు. మామూలు బీపీ, థైరాయిడ్, కొలెస్ట్రాల్ మాత్రలు వేసుకునేవారికి దీనితో పెద్దగా పని లేదు. మిమ్మల్ని మీరు ఒకే ప్రశ్న వేసుకోండి: నేను నోరు విప్పలేని స్థితిలో ఉన్నప్పుడు ఈ సంగతి తెలియకపోతే, డాక్టరు నాకు చేయకూడనిది చేసే ప్రమాదం ఉందా? లేదా చేయాల్సినది ఆలస్యమవుతుందా? రెండిట్లో దేనికైనా జవాబు అవును అయితే బిళ్ళ కావాలి.

అందరికంటే ముందు చెప్పాల్సింది రక్తం పలచబడే మందులు వాడేవారి గురించి. చిన్నప్పుడు కీళ్ళవాతం జ్వరం వచ్చి గుండె కవాటాలు పాడైనవారు మన పల్లెల్లో తక్కువేం కాదు. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక వాల్వు ఆపరేషన్ పేదవాళ్ళకీ అందింది. లోహపు వాల్వు పెట్టించుకున్నవాళ్ళు వార్ఫరిన్ గానీ, మన దగ్గర ఎక్కువగా వాడే ఎసిట్రోమ్ (అసలు మందు పేరు ఎసినోకుమరాల్) గానీ జీవితాంతం వేసుకోవాలి, రక్తం గడ్డకట్టే వేగం తెలిపే ఐఎన్ఆర్ పరీక్ష చేయించుకుంటూ ఉండాలి. అలాంటి మనిషి బండి మీంచి పడి తలకి చిన్న దెబ్బ తగిలినా లోపల రక్తం కారుతూ ఉండవచ్చు. బయటికి గాయం కనిపించకపోయినా స్కాన్ తీయాల్సి రావచ్చు. ఇంకో ప్రమాదం కూడా ఉంది. ఒళ్ళు నొప్పులంటే ఊళ్ళో ఆర్‌ఎంపీ డాక్టరు వెంటనే చేసేది తుంటికి డైక్లోఫినాక్ సూది. పలచబడిన రక్తం ఉన్నవారికి కండలో సూది గుచ్చితే లోపల రక్తం కారి అక్కడ గడ్డలా వాయవచ్చు, ఆ మందు వల్ల కడుపులో రక్తస్రావం కూడా కావచ్చు. సూది వేసే చేయి బిళ్ళ చూసి ఆగితే చాలు, అది చేయించిన ఫలితం దక్కినట్టే.

ఇన్సులిన్ తీసుకునేవారిది ఇంకో సంగతి. చక్కెర 70 కంటే దిగిపోతే చెమటలు పడతాయి, మాట తడబడుతుంది, అడుగులు తూలతాయి. బస్టాండులో అలా తూలే మగమనిషిని చూస్తే జనం తాగి ఉన్నాడనుకుని తప్పుకుపోతారు. చేతి మీద షుగరు, ఇన్సులిన్ అన్న మాట కనిపిస్తే, స్పృహ ఉండి మింగగలిగితే మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి ఇవ్వాలని చాలామందికి తడుతుంది. స్పృహ లేకపోతే మాత్రం నోట్లో ఏమీ పోయకూడదు. పక్కకి తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయాలి. టైప్ 1 షుగరు ఉన్న పిల్లలకి ఈ బిళ్ళ తప్పనిసరి అని నా అభిప్రాయం. స్కూల్లో కొత్త టీచరుకీ, విహారయాత్రకి తీసుకెళ్ళిన బస్సు డ్రైవరుకీ అన్నీ ముందే చెప్పి ఉంచలేం కదా.

మూర్ఛ ఉన్నవారికి కూడా బిళ్ళ మేలు చేస్తుంది. ఫిట్స్ వస్తే చేతిలో తాళాలు పెట్టడం, పళ్ళ మధ్య చెంచా దూర్చడం ఇంకా మానలేదు మనవాళ్ళు. ఇనుము వల్ల ఫిట్స్ ఆగవు, చెంచా వల్ల పళ్ళు విరుగుతాయి. బిళ్ళ మీద తెలుగులో ‘పక్కకి తిప్పండి, నోట్లో ఏమీ పెట్టకండి’ అని ఉంటే చుట్టూ మూగినవాళ్ళలో ఒక్కరైనా చదువుతారు. ఫిట్స్ ఐదు నిమిషాలు దాటితే అంబులెన్సు పిలవాల్సిందే.

చాలామంది మర్చిపోయేది స్టెరాయిడ్ల గురించి. ఆస్తమాకో, లూపస్‌కో, కీళ్ళ జబ్బుకో నెలల తరబడి ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ వేసుకునేవారి శరీరం, అలాంటిదే అయిన కార్టిసోల్ అనే హార్మోన్‌ని సొంతంగా తయారు చేయడం తగ్గించేస్తుంది. అడిసన్స్ జబ్బు ఉన్నవారిలో అది మొదటే తక్కువ. వీళ్ళకి పెద్ద దెబ్బ తగిలినా, వాంతులతో మాత్ర కడుపులో నిలవకపోయినా బీపీ పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. హైడ్రోకార్టిసోన్ ఇంజెక్షన్ వెంటనే అందాలి. ఆ సంగతి ఎవరైనా చెబితే తప్ప డాక్టరుకి కూడా తట్టడం కష్టం.

మిగిలినవి క్లుప్తంగా చెబుతాను. పెన్సిలిన్, సల్ఫా, ఆస్పిరిన్ లాంటి మందులు గతంలో ఒంటికి పడక ప్రమాదమైనవారు, హీమోఫీలియా (రక్తం సరిగా గడ్డకట్టని జబ్బు) ఉన్నవారు, గుండె లయ సరిచేసే పేస్‌మేకర్ ఉన్నవారు, కిడ్నీయో లివరో మార్పిడి అయినవారు, జీ6పీడీ లోపం (కొన్ని మందులు పడితే ఎర్ర రక్తకణాలు పగిలిపోయే పుట్టుక లోపం) ఉన్నవారు, మతిమరుపు జబ్బుతో దారి తప్పే పెద్దవాళ్ళు. డయాలసిస్ కోసం చేతికి ఫిస్టులా (రక్తనాళాలను కలిపి చేసిన దారి) పెట్టించుకున్నవారు ‘ఫిస్టులా ఉన్న చేతికి బీపీ, సూది వద్దు’ అనే సంగతి రాయించాలి. బిళ్ళని మాత్రం రెండో చేతికి పెట్టుకుని, ఫిస్టులా ఎడమ చేతికో కుడి చేతికో స్పష్టంగా చెప్పాలి.

బ్లడ్ గ్రూపు గురించి ఒక మాట. బిళ్ళ అనగానే అందరూ ముందు రాయించేది అదే. కానీ మీ చేతి మీద ఏం రాసి ఉన్నా ఆసుపత్రివాళ్ళు మళ్ళీ పరీక్ష చేయకుండా రక్తం ఎక్కించరు. చోటు మిగిలితే రాయించండి, లేకపోతే వదిలేయండి. దీనికి మినహాయింపు బాంబే బ్లడ్ గ్రూపు. 1952లో డాక్టర్ భెండే బొంబాయిలో గుర్తించిన ఈ గ్రూపువారికి ఓ గ్రూపు రక్తం కూడా పడదు, వాళ్ళ గ్రూపు రక్తమే కావాలి. మామూలు పరీక్షలో ఓ అనే కనిపిస్తుంది కాబట్టి వీళ్ళు మొదటి వరుసలోనే రాయించాలి.

రాయించాల్సిన మాటలు డాక్టరుతో కూర్చుని తేల్చుకోండి

బిళ్ళ మీద పట్టేది నాలుగైదు వరుసలు, వరుసకి ఇరవై అక్షరాలు. అందులో అన్నీ కుక్కితే అక్షరాలు చీమతలలంత అయి ఏదీ చదవలేరు. మీకు వైద్యం చేసే డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు ఒక కాగితం ఇచ్చి, ‘నేను స్పృహలో లేకపోతే ఎదుటి డాక్టరుకి ముందుగా ఏం తెలియాలి’ అని అడిగి, ఆయన చేతే రాయించుకోండి. స్పెల్లింగ్ కూడా ఆయనదే వాడండి. మందుల పేర్లు ఒక్క అక్షరం తేడాతో వేరే మందు అయిపోతాయి.

వరుస క్రమం ఇలా ఉంటే బాగుంటుంది. మొదట జబ్బు లేదా ప్రమాదం, తరువాత దానికి వాడే మందు, తరువాత చేయాల్సిందో చేయకూడనిదో ఒక్క మాట, ఆ కింద ఫోన్ నంబరు. వాల్వు మార్పించుకున్నవారి బిళ్ళ ఇలా ఉండవచ్చు:

మెటల్ హార్ట్ వాల్వ్
బ్లడ్ థిన్నర్
ఎసినోకుమరాల్
నో ఐఎం ఇంజెక్షన్
ఫోన్: ఇంట్లోవారి నంబరు

పెన్సిలిన్ పడనివారికి ఇంతే చాలు:

అలర్జీ – పెన్సిలిన్
ప్రాణాపాయం
ఫోన్: ఇంట్లోవారి నంబరు

ఐఎం ఇంజెక్షన్ అంటే కండలో వేసే సూది. చదవడానికి ఇక్కడ తెలుగు లిపిలో ఇచ్చాను. డాక్టరు చదవాల్సిన వరుసలు చెక్కించేటప్పుడు ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లో ఉండాలి. మీరు రైల్లో ఒడిశాలోనో మహారాష్ట్రలోనో ఉన్నప్పుడు పడిపోతే చదివేది తెలుగు తెలియని డాక్టరు. మందు కంపెనీ పేరు కాకుండా అసలు మందు పేరు రాయించండి. ఎసిట్రోమ్ అంటే మన దగ్గర ప్రతి మెడికల్ షాపుకీ తెలుసు, ఇంకో దేశంలో ఎవరికీ తెలియకపోవచ్చు. పిల్లల దగ్గరికి అమెరికా వెళ్ళే అమ్మానాన్నలకి ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే ఆ మందు అక్కడ వాడుకలోనే లేదు. ‘బ్లడ్ థిన్నర్’ అన్న మాట పక్కన ఉంటే ఎక్కడైనా అర్థమవుతుంది.

రోడ్డు మీది మామూలు మనిషి చేయాల్సిన పని ఏదైనా ఉంటే అది తెలుగులో రాయించండి. మూర్ఛకీ, షుగరు పడిపోవడానికీ, దారి తప్పే పెద్దవాళ్ళకీ ఇది వర్తిస్తుంది. మతిమరుపు ఉన్న తాతగారిని ముందు చూసేది డాక్టరు కాదు, టీ కొట్టు దగ్గర ఉన్నవాళ్ళో ఆటో డ్రైవరో. అందుకని వారి బిళ్ళ మీద పేరు, ఊరు, ‘దారి మర్చిపోతారు, ఈ నంబరుకి ఫోన్ చేయండి’ అన్న మాట తెలుగులో పెద్దగా ఉండాలి.

ఆధార్ నంబరు రాయించకండి, దానితో చికిత్సకి పని లేదు. చిన్నపిల్లల పేరు బయటి వైపు కాకుండా చర్మానికి తగిలే వైపు చెక్కించండి. కొత్తవాళ్ళు పేరు పెట్టి పిలిచే అవకాశం ఇవ్వకూడదు.

ఫోన్ నంబరు ఎవరిది ఇవ్వాలి

మీ నంబరు కాదు. మీ పక్కన పడి ఉన్న ఫోన్ మోగితే లాభం లేదు. తెలియని నంబరు నుంచి కాల్ వచ్చినా ఎత్తే మనిషి, మీ మందుల సంగతి తెలిసిన మనిషి కావాలి. ఈ రోజుల్లో తెలియని నంబరు కనిపిస్తే స్పామ్ అనుకుని ఎత్తనివాళ్ళే ఎక్కువ. అందుకని ఎవరి నంబరు ఇస్తున్నారో వాళ్ళతో ముందే మాట్లాడండి. కుదిరితే రెండు నంబర్లు.

కొడుకు డాలస్‌లో, కూతురు మెల్‌బోర్న్‌లో ఉన్న ఇళ్ళు మనకి చాలా ఉన్నాయి. పెద్దవాళ్ళు ప్రేమ కొద్దీ వాళ్ళ నంబరే ఇస్తారు. కానీ ఆదుకోవడానికి వచ్చినవారి ఫోనులో విదేశానికి కాల్ చేసే బ్యాలెన్స్ ఉండదు, అక్కడ అర్ధరాత్రి కావచ్చు కూడా. మొదటి నంబరు ఎదురింటివారిదో, అదే ఊళ్ళో ఉన్న మేనల్లుడిదో ఇవ్వండి. పిల్లలకి వాళ్ళే కబురు చేస్తారు. మీరే విదేశం వెళ్తున్నప్పుడు అక్కడి నంబరు ఉన్న ఇంకో బిళ్ళ చేయించుకోవడం మేలు.

దేనితో చేయించాలి, ఎక్కడ పెట్టుకోవాలి

స్టీలే మంచిది. 316ఎల్ రకం సర్జికల్ స్టీలు చెమటకీ సబ్బుకీ తుప్పు పట్టదు. నికెల్ పడనివారు టైటానియమో, సిలికాన్ బ్యాండుకి బిగించిన చిన్న రేకో వాడవచ్చు. బంగారంతో చేయించొద్దని గట్టిగా చెబుతాను. దొంగల భయం ఒకటైతే, పడిపోయిన మనిషి ఒంటి మీది బంగారాన్ని ముట్టుకోవడానికి సాయం చేసేవాళ్ళు జంకుతారు, నింద తమ మీదికి వస్తుందని. వెండి నల్లబడి అక్షరాలు మూసుకుపోతాయి.

చెక్కడానికి దూరం వెళ్ళక్కర్లేదు. షీల్డులు, నేమ్‌ప్లేట్లు చేసే షాపుల్లో లేజర్ మిషన్ ఉంటుంది. అది అన్నిటికంటే స్పష్టంగా వస్తుంది. అది లేని ఊళ్ళో స్టీలు సామాన్ల కొట్టు ఉంటుంది. గిన్నెల మీద పేర్లు వేసే మిషన్‌తో అక్షరాలు చుక్కలుగా పడతాయి, చేతిరాత కాబట్టి ఒకసారి వేరే రేకు మీద రాయించి చూసుకోండి. పెయింటుతో రాసినవీ, స్టిక్కరు అంటించినవీ వద్దు. అంచులు గరుకుగా ఉంటే అక్కడే అరగదీయించి నున్నగా చేయించండి.

బిళ్ళ ముందు వైపు వైద్యపు గుర్తు ఉండాలి. కొట్టువాళ్ళు ఎర్రని ప్లస్ గుర్తు వేస్తామంటారు. అది రెడ్ క్రాస్ చిహ్నం, అనుమతి లేకుండా వాడటాన్ని 1960 నాటి జెనీవా ఒప్పందాల చట్టం నిషేధించింది. అంబులెన్సుల మీద కనిపించే ఆరు కొమ్మల నీలి నక్షత్రం, మధ్యలో కర్రకి చుట్టుకున్న పాము, అది వేయించండి.

ఇక పెట్టుకునే చోటు. మన చేతులకి ఎర్ర దారాలు, రాగి కడియం, గాజులు. మెడలో తాయెత్తు, గొలుసు, పుస్తెల తాడు. వీటి మధ్య చిన్న బిళ్ళ కలిసిపోతే ఎవరూ పట్టించుకోరు. చేతికైతే మిగతావి లేని మణికట్టుకి, వీలైతే రాయని చేతికి పెట్టుకోండి. మెడలో అయితే దానికి వేరే గొలుసు ఉండాలి. కొందరు జబ్బు పేరు చిన్న కాగితం మీద రాసి తాయెత్తులో చుట్టి పెడతారు. తాయెత్తును విప్పి చూసే ధైర్యం మన ఊళ్ళల్లో ఎవరికీ ఉండదు, అలా పెట్టకండి.

వదులు ఒక వేలు దూరేంత ఉంటే చాలు. పేస్‌మేకర్ ఉన్నవారు మాగ్నెట్ కొక్కెం ఉన్న బ్రేస్‌లెట్ కొనకండి. నూర్పిడి మిషన్, లేత్ లాంటి వాటి దగ్గర పనిచేసేవారికి చేతి గొలుసు ప్రమాదం, చొక్కా లోపల మెడలో వేసుకోవాలి. కరెంటు పని చేసేవారు లోహం మానేసి సిలికాన్ మీద అచ్చు వేసినది వాడాలి. క్యూఆర్ కోడ్ ఉన్నవి కూడా అమ్ముతున్నారు. అవి అదనంగా ఉంటే ఫరవాలేదు కానీ, స్కాన్ చేయడానికి ఫోనూ నెట్‌వర్కూ తీరికా ఉండాలి. చదవగలిగే అక్షరాలు దాని పక్కన ఉండి తీరాలి.

బిళ్ళలో పట్టనిది కార్డులో, ఫోనులో

మందుల జాబితా మోతాదులతో సహా, ఆపరేషన్ తేదీ, డాక్టరు పేరు, ఆసుపత్రి నంబరు ఒక కార్డు మీద రాసి జిరాక్స్ షాపులో లామినేషన్ చేయించండి. కింద తేదీ వేయడం మర్చిపోకండి. పర్సులో ఒకటి, ఫోను వెనక పారదర్శకమైన కవరులో ఒకటి పెడితే ఫోను చేతిలోకి తీసుకున్నవారికి ముందు అదే కనిపిస్తుంది. ఆండ్రాయిడ్ ఫోనులో సెట్టింగ్స్‌లో సేఫ్టీ అండ్ ఎమర్జెన్సీ కింద మెడికల్ సమాచారం నింపి, లాక్ తెరవకుండానే కనిపించేలా పెట్టుకోవచ్చు. ఐఫోన్‌లో అది హెల్త్ యాప్‌లో మెడికల్ ఐడీ పేరుతో ఉంటుంది.

కొంతకాలమే వాడే మందులు కార్డులో రాస్తే చాలు. గుండె రక్తనాళంలో స్టెంట్ వేశాక, ఆస్పిరిన్‌తో పాటు డాక్టరు చెప్పినంత కాలం వాడే రెండో మాత్రని లోహం మీద చెక్కిస్తే, ఆపేశాక కూడా అది అబద్ధం చెబుతూ ఉంటుంది.

నలుగురు చూస్తారన్న బెంగ

ఆడపిల్లకి మూర్ఛ ఉందని తెలిస్తే సంబంధాలు రావని తల్లులు బిళ్ళ వద్దంటారు. ఆ బాధ నాకు అర్థమవుతుంది, తీసిపారేసేది కాదు. కానీ పెళ్ళికి అడ్డంకిగా హిందూ వివాహ చట్టంలో ఉన్న మూర్ఛ అనే మాటను 1999లోనే తీసేశారు. బిళ్ళ బయటి వైపు గుర్తు మాత్రమే ఉంచి, మాటలన్నీ లోపలి వైపు చెక్కించుకోవచ్చు. మామూలు లాకెట్‌లా ఉండేలా చేయించి దుస్తుల లోపల వేసుకోవచ్చు. చెరువు గట్టు మీదో మెట్ల మీదో ఒంటరిగా ఫిట్స్ వస్తే ఆ పిల్లకి అండ ఆ బిళ్ళే. వయసొచ్చిన పిల్లలకి ఎలాంటిది కావాలో వాళ్ళనే ఎంచుకోనివ్వండి. ఇష్టపడి కొనుక్కున్నదైతే తీయరు.

పెట్టుకున్నాక ఇంట్లోవాళ్ళకీ, పక్కింటివాళ్ళకీ, పనిచేసే చోట ఇద్దరికైనా చూపించండి. బిళ్ళ చూడాలని తెలిసినవాళ్ళు పక్కనుంటే 108 వచ్చేసరికి ‘చేతి మీద చూడండి’ అని చెప్పగలుగుతారు.

వాడుతున్నప్పుడు

నెలకోసారి సబ్బు నీళ్ళతో, పాత టూత్‌బ్రష్‌తో అక్షరాల్లో పేరుకున్న మట్టి తీయండి. కొక్కెం గట్టిగా ఉందో లేదో చూడండి. మందు మారినా, ఫోన్ నంబరు మారినా ఆ వారమే కొత్త బిళ్ళ. పాతదాని మీద గీత కొట్టి పక్కన రాయించడం వద్దు, కంగారులో రెండూ చదువుతారు. సిమ్ మార్చినప్పుడు బిళ్ళ గుర్తుకురాదు కాబట్టి, నంబరు ఇచ్చిన మనిషికే ‘మీ నంబరు మారితే నాకు చెప్పండి’ అని చెప్పి ఉంచండి.

ఎంఆర్ఐ స్కాన్‌కీ ఆపరేషన్‌కీ ముందు ఎలాంటి లోహమైనా తీసేయమంటారు. ఎయిర్‌పోర్టులో మిషన్ మోగితే చూపించి మెడికల్ బిళ్ళ అని చెప్పండి. స్కాన్ గదిలోకి వెళ్ళేటప్పుడు దాన్ని జేబులో వేసుకోకుండా తోడు వచ్చినవారి చేతికి ఇవ్వండి, బయటికి రాగానే తిరిగి పెట్టమని వాళ్ళకే చెప్పండి.